ఆటల నిర్మాతలు కొన్ని యంత్రముల నేల విడనాడిరి?

నేటి ప్రసంగమునకు నేను గైకొనిన విషయము ఆటలకు సంబంధించినది. చిరకాలము బడిపంతులుగా నుండి, ఆడుకొను పిల్లలను మందలించుటయే పనిగా గడిపినవాడు ఆటలనుగూర్చి మాటలాడుట వింతగా దోపవచ్చును. ఆట పిల్లలదే; కాని దాని వెనుకనున్న వర్తకము పెద్దలది. అందు మూలధనము గలవారికిని చేతిపని గలవారికిని నడుమ సుమారు ఏబదియేండ్లుగా నడచుచున్న తగవు కలదు. అట్టి తగవులు మన పల్లెలెఱుగనివి కావు. కావున ఇది పెద్దలు వినదగిన చరిత్రయని నా నమ్మకము.

ముందుగా విషయస్వరూపమును మనవి చేసెదను. టెలివిజనుకు తగిలించి ఆటలాడుకొను యంత్రమును కన్సోలు అందురు. మన చిన్ననాటి గ్రామఫోనును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పెట్టెను చేయువారొకరు, పాట పాడువారు వేఱొకరు. ప్లేటు లేనిచో ఎంత వెలగల పెట్టెయైనను మూగది. కన్సోలు సంగతియు నంతే. యంత్రమును చేసి యమ్మునది ఒక పెద్ద కంపెనీ. ఆటలను చాలవఱకు వ్రాయువారు ఇతరులు. అయితే ఇందొక భేదము కలదు. గ్రామఫోను ప్లేటు ఏ పెట్టెమీదనైనను పాడును. ఒక కన్సోలుకై వ్రాసిన ఆట మఱియొక దానిపై సాధారణముగా నడువదు; దానికి తగినట్లు తిరుగ వ్రాయవలయును. అందుకు నెలలు పట్టును, జీతములు పెరుగును. అంతేగాక యంత్రపు యజమాని యొద్ద అనుమతి పొంది, అమ్మిన ప్రతులపై అతనికి సుంకమును చెల్లింపవలయును. కావున ఆటల నిర్మాత ప్రతిసారియు ఏ యంత్రమునకు వ్రాయవలయును, దేనిని విడిచిపెట్టవలయును అని యోచించుకొనక తప్పదు.

కొన్ని యంత్రములను నిర్మాతలేల విడిచిపెట్టిరి అని యడిగినచో, తెలిసినవారు సాధారణముగా చెప్పు సమాధానమొకటి కలదు: "ఆ యంత్రము కష్టమైనది, దానికి వ్రాయుట అందఱికిని సాధ్యము కాదు." దీనిని మనము పూర్వపక్షముగా నుంచుకొందము. ఒక దానికి ఒకటి కారణమగునో కాదో తేల్చుటకు మన శాస్త్రకారులు అన్వయవ్యతిరేకములను రెండు కొలతలు చెప్పిరి. దీపమున్నచో వెలుగున్నది, ఇది అన్వయము. దీపము లేనిచో వెలుగు లేదు, ఇది వ్యతిరేకము. రెండు కొలతలకును నిలిచినదే కారణము. కష్టమే కారణమను మాట ఈ రెంటికిని నిలుచునో లేదో చరిత్రనే యడుగుదము.

1977లో అమెరికాదేశమున అటారీ యను కంపెనీ ఒక కన్సోలును అమ్మకమునకు తెచ్చెను. మొదట దాని ఆటలను ఆ కంపెనీ ఉద్యోగులే వ్రాసిరి. ఆటలు విశేషముగా అమ్ముడుపోయినను వ్రాసినవాని పేరు పెట్టెమీద నుండదు. జీతము తప్ప లాభమున పాలు లేదు. పేరును, పాలును కోరి ఫలము గానక, నేర్పరులైన నలుగురు వెలికి వచ్చి, వర్తకమెఱిగిన మఱియొకనితో గూడి 1979లో యాక్టివిజన్ అను సంస్థను స్థాపించిరి. తాము విడిచివచ్చిన యజమాని యంత్రమునకే తాము వేఱుగా ఆటలు వ్రాసి యమ్మిరి. అటారీ న్యాయస్థానమున కెక్కెను. 1982లో తగవు రాజీతో ముగిసెను. యంత్రము చేయువాడొకడు, దానికి ఆటలు చేయువాడు వేఱొకడు అను పద్ధతి ఇట్లు పుట్టినది. ఈ వర్తకపు తొలి చరిత్రలోనే పనివాని నిరాకరణ కనబడుచుండుటను గమనింపుడు.

తలుపు తెఱచుకొన్నంతనే మంచివారితోపాటు అక్కఱకు రాని సరకు తెచ్చువారును లోపలికి వచ్చిరి. నాసిరకపు ఆటలు అంగళ్లలో కుప్పలు పడెను. కొనువారికి విసుగు పుట్టెను. అమెరికాలో ఇంటి ఆటల వర్తకము 1983లో సుమారు 320 కోట్ల డాలర్లుండగా, 1985 నాటికి సుమారు 10 కోట్లకు దిగజారినదని లెక్కలు చెప్పుచున్నవి. అమ్ముడుపోని సరకును అటారీ 1983లో న్యూమెక్సికో రాష్ట్రమందలి అలమగోర్డో యను నూరి చెత్తదిబ్బలో పూడ్చివేసెను. 2014లో త్రవ్వి చూడగా ఆ పెట్టెలు బయటపడినవి.

ఈ పతనమును చూచి పాఠము నేర్చినది జపానుదేశపు నింటెండో. 1889లో క్యోటో నగరమున పేకముక్కలు చేయు అంగడిగా పుట్టిన సంస్థ యిది. ఇది 1983లో జపానునందును, 1985లో అమెరికాయందును తన కన్సోలును విడుదల చేసెను. అమెరికాలో అమ్మిన యంత్రమున తాళమువంటి యొక చిప్పును పెట్టెను. నింటెండో యిచ్చిన చెవి లేక ఏ యాటయు నడువదు. ఇక షరతులు: ఒక్కొక్క నిర్మాత ఏడాదికి 5 ఆటలకు మించి వేయరాదు, వేసిన ఆటను రెండేండ్లవఱకు వేఱొక యంత్రమునకు ఇయ్యరాదు, ఆటనుంచు కార్ట్రిడ్జిని నింటెండోయే తయారు చేయును, దాని వెలను నిర్మాత ముందుగా చెల్లింపవలెను, సరకు అమ్ముడుపోకున్న ఆ నష్టము నిర్మాతదే. షరతులు కఠినములైనను నిర్మాతలు తలయొగ్గిరి. ఏలయన, అమెరికాలో ఆటలు కొను జనము నాడు నింటెండో నీడననే యుండిరి. కొనామీ యను జపాను సంస్థ 5 ఆటల కట్టడిని దాటుటకు 1988లో అల్ట్రా గేమ్స్ అను మాఱుపేరుతో మఱియొక శాఖను తెఱచెను. తలయొగ్గిన వారందఱును మనసొగ్గినవారు కారని దీనివలన తెలియుచున్నది.

నీడ యిచ్చు మఱియొక చెట్టు మొలచువఱకే ఇట్టి ఓర్పు నిలుచును. సేగా యను జపాను కంపెనీ 1989లో అమెరికాయందు జెనిసిస్ అను కన్సోలును అమ్మజొచ్చెను. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అను అమెరికా సంస్థ ఆ యంత్రమును విప్పి, దాని గుట్టును స్వయముగా తెలిసికొని, "అనుమతి లేకున్నను వ్రాయగలము, తగిన షరతులిచ్చినచో మీతో కలసి వ్రాయుదుము" అను బలముతో బేరమాడి, 1990లో తనకు మేలైన ఒడంబడికను పొందెను. చేతిపనివాడు యంత్రపు యజమానితో సరిసమానముగా కూర్చుండి మాటలాడిన ఘట్టములలో ఇదియొకటి.

తరువాతి ఘట్టము మన పరీక్షకు ముఖ్యమైనది. నింటెండోయు, సోనీయు కలసి సీడీ పలకలతో నడుచు యంత్రమును చేయుటకు ఒడంబడిక చేసికొనిరి. 1991 జూనులో షికాగో నగరపు ప్రదర్శనమున సోనీ ఆ సంగతిని ప్రకటించిన మఱునాడే, నింటెండో తాను ఫిలిప్స్ కంపెనీతో పొత్తు కుదుర్చుకొన్నట్లు ప్రకటించెను. పదుగురిలో అవమానము పొందిన సోనీ తుదకు తన సొంత యంత్రమును, ప్లేస్టేషనును, 1994 డిసెంబరులో జపానున విడుదల చేసెను. దానికి కొలదిదినములు ముందే సేగా తన సాటర్న్ కన్సోలును తెచ్చెను. నింటెండో 64 వచ్చినది 1996లో.

ఈ మూటిలో సాటర్న్ నిజముగా కష్టమైనది. అందు ముఖ్యమైన ప్రాసెసర్లు రెండు కలవు. రెండెడ్లను ఒక కాడికి కట్టి సరియడుగు వేయించుట నేర్చిన వ్రాతగాండ్రు నాడు కొలదిమంది. ఇతర యంత్రములు బొమ్మలను త్రికోణములతో కూర్పగా, ఇది చతుష్కోణములతో కూర్చెను. కావున ఒకచోట నేర్చిన పని వేఱొకచోట సరిగా ఉపయోగపడలేదు. దానికి తోడు సేగా మఱియొక పని చేసెను. అమెరికాలో 1995 సెప్టెంబరున విడుదల యని చెప్పియుండి, మే 11వ తేదీననే "నేటినుండి అమ్మకము" అని ప్రకటించెను. సెప్టెంబరునకు సిద్ధపడుచుండిన నిర్మాతల ఆటలు సగములో నుండెను. ఆ పొలము వారిది కానట్లయ్యెను. సరకు అందని వర్తకులును కోపించిరి. సాటర్న్ వెల 399 డాలర్లు. అదే దినమున సోనీ తన వెల 299 అని ప్రకటించెను. సాటర్న్ లోకమంతటను 90 లక్షలకు పైగా మాత్రమే అమ్ముడుపోయెను; ప్లేస్టేషను 10 కోట్లు దాటెను.

నింటెండో 64ను విడనాడుటకు హేతువు వేఱు. అది సీడీని కాదని కార్ట్రిడ్జినే పట్టుకొనియుండెను. కార్ట్రిడ్జిలో ఆట త్వరగా తెఱచుకొనును, దొంగప్రతులు తీయుట కష్టము. ఇవి దాని గుణములు. కాని దానిలో ఎక్కువలో ఎక్కువ 64 మెగాబైట్లు పట్టును. సీడీలో సుమారు 650 పట్టును. కార్ట్రిడ్జి చేయించు ఖర్చు అధికము, తయారగుటకు వారములు పట్టును. అమ్మకమెంతయో తెలియకముందే ఇన్ని వేలని కోరి పెట్టుబడి పెట్టవలెను. తక్కువ కోరినచో గిరాకి వచ్చినపుడు సరకుండదు; ఎక్కువ కోరినచో మూలుగును. సీడీ చౌక, గిరాకిని బట్టి త్వరగా అచ్చు వేయించుకొనవచ్చును. స్క్వేర్ అను జపాను సంస్థ అంతకుముందు ఫైనల్ ఫాంటసీ పేర వెలువరించిన ఆఱు ప్రధానమైన ఆటలను నింటెండో యంత్రములకే మొదట వ్రాసినది. ఏడవది 1997లో ప్లేస్టేషనునకు వచ్చెను. అది మూడు సీడీల గ్రంథము. ఆ యాట ఆ యంత్రమున దాదాపు కోటి ప్రతులు అమ్ముడుపోయెను. నింటెండో తన తరువాతి కన్సోలునందు, 2001లో, పలకకే మాఱెను.

ఇంతవఱకు విన్నచో పూర్వపక్షమునకు బలము చేకూరినట్లే కనబడును. ఇపుడు దానిని కొలతలకు పెట్టుదము.

వ్యతిరేకమును మొదట చూతము. కష్టము లేనిచోట విడనాడుట యుండరాదు. సేగా సాటర్న్ పొరపాటును గ్రహించి, 1998లో జపానునందును 1999లో అమెరికాయందును డ్రీమ్‌కాస్ట్ అను యంత్రమును తెచ్చెను. అది సుగమమని వ్రాయువారు మెచ్చుకొనిరి. అయినను, సేగాతో పూర్వము అంత చెలిమి చేసిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దానికి ఒక్క ఆటయు వ్రాయలేదు. క్రీడల ఆటలపై తమకే పూర్తి హక్కు కావలెనని ఆ సంస్థ కోరగా సేగా అంగీకరింపలేదని, నాడు సేగా అమెరికా శాఖకు అధిపతియైన బెర్నీ స్టోలర్ తరువాతి కాలమున చెప్పెను. అదియట్లుండ, అంతకుముందు కొలది యేండ్లలోనే సేగా ఒకదాని వెనుక నొకటిగా యంత్రములను తెచ్చి విడిచిపెట్టియుండెను. 1994 చివర అమ్మిన 32ఎక్స్ అను అనుబంధయంత్రమును 1996లోనే చాలించెను. దానిని నమ్మి వ్రాసినవారి శ్రమ ఏమైనది? డ్రీమ్‌కాస్ట్ సుమారు 91 లక్షలు అమ్ముడుపోయి 2001లో ఆగిపోయెను. సేగా యంత్రముల చేతను చాలించి, ఇతరుల యంత్రములకు ఆటలు వ్రాయు సంస్థగా మాఱెను.

ఇక అన్వయము. కష్టమున్నచోట విడనాడుట యుండవలెను. 2000లో వచ్చిన ప్లేస్టేషను 2 సుగమమైనది కాదు. దాని లోపలి భాగములను లొంగదీయుటకు వ్రాయువారు ఎంతయో శ్రమపడిరి. అయినను వారు గుంపులుగా వచ్చిరి. మొదటి ప్లేస్టేషనున సోనీ వారి నమ్మకమును నిలుపుకొనియుండెను. కొనువారు కోట్లకొలది నుండిరి. ఆ యంత్రము 15 కోట్ల 50 లక్షలకు పైగా అమ్ముడుపోయెను.

కష్టము లేకున్నను విడిచిరి, కష్టమున్నను వచ్చిరి. కావున కష్టమొక్కటియే కారణమను పూర్వపక్షము నిలువదు.

మఱి సిద్ధాంతమేది? నా బుద్ధికి తోచినది మనవి చేయుచున్నాను. మొదటి ప్రతి అమ్ముడుపోవుటకు ముందు నిర్మాత తన చేతినుండి పెట్టవలసిన దెంత? అది తిరిగి వచ్చునను నమ్మకమెంత? ఈ రెంటి తూకమే కారణము. యంత్రపు కష్టము, కార్ట్రిడ్జి ఖర్చు, సుంకము మొదటి తట్టలో పడును. కొను జనము, యజమాని మాట నిలుకడ రెండవ తట్టలో పడును. మొదటిది బరువైనను రెండవది దానిని మించినచో పనివాడు వచ్చును. మొదటిది తేలికయైనను రెండవ తట్ట ఖాళీయైనచో రాడు. చెఱకు పండించు రైతు సంగతి మీరెఱుగుదురు. మిల్లు ఎంత పెద్దదైనను బాకీ సకాలమున తీర్చదను పేరు వచ్చెనా, మఱుసటియేట అతడు వేఱు పంట పెట్టును. అతనికి చెఱకు పండించుట కష్టమై కాదు.

ఈ సిద్ధాంతమును సోనీ స్వానుభవమున నేర్చినది. 2006లో ప్లేస్టేషను 3 వచ్చెను. సోనీ, తోషిబా, ఐబీఎం అను మూడు కంపెనీలు కలసి చేసిన సెల్ అను ప్రాసెసరు అందుండెను. ఒక పెద్ద మేస్త్రీయు, అతని క్రింద పలువురు చిన్న పనివారును ఉన్నట్టిది దాని యమరిక. ఎవరికి ఏ పని, ఎంత సరకు, ఎప్పుడందింపవలెనో ఆట వ్రాయువాడే ఏర్పాటు చేయవలెను. అమెరికాలో దాని వెల 499, 599 డాలర్లు. ఏడాది ముందే వచ్చిన మైక్రోసాఫ్టు వారి ఎక్స్‌బాక్స్ 360 అంతకంటె చౌక, అంతకంటె సుగమము. ఇపుడు తూకము మాఱెను. వాల్వ్ సంస్థ అధిపతి గేబ్ న్యూయెల్ 2007లో ఆ యంత్రమును బహిరంగముగా నిందించెను. బెథెస్డా సంస్థ వారి స్కైరిమ్ అను ఆటకు అనుబంధమైన భాగము ఎక్స్‌బాక్సునకు 2012 జూనున రాగా, ప్లేస్టేషను 3కు 2013 ఫిబ్రవరి వఱకు రాలేదు. సోనీ ఆటల శాఖాధిపతి కాజ్ హిరాయ్ 2009లో, సులభముగా వ్రాయదగు యంత్రమును తాము కోరి చేయలేదని, కష్టమైనచో దాని శక్తి యేండ్లతరబడి క్రమముగా బయటపడునని సమర్థించుకొనెను. మాట చమత్కారముగా నున్నది. కాని ఆ యేండ్ల జీతములు చెల్లింపవలసినది ఆయన కాదు.

అదే సోనీ తరువాత తన దారి మార్చుకొనెను. 2010 జూనులో న్యూయెల్ సోనీ వేదికపైకే వచ్చి, తమ పోర్టల్ 2 అను ఆట ప్లేస్టేషను 3కు వచ్చునని ప్రకటించెను. సోనీ వాల్వ్ వారి సొంత ఏర్పాట్లను తన యంత్రమున నడువనిచ్చుట అందుకు తోడ్పడెను. తరువాతి యంత్రమునకు శిల్పిగా మార్క్ సెర్నీ యను ఆటల నిర్మాతను నియమించిరి. ఆయన ఆటలు వ్రాయువారి యొద్దకు పోయి, "మీకేమి కావలెను?" అని విచారించెను. ఆయన 2013లో చెప్పిన లెక్క వినదగినది. కొత్త యంత్రము చేతికి వచ్చిన తరువాత తెరపై తొలి త్రికోణమును గీయుటకు, అనగా అసలు పని మొదలిడుటకు, మొదటి ప్లేస్టేషనున ఒకటి రెండు నెలలు, రెండవదానిపై మూడునుండి ఆఱు, మూడవదానిపై ఆఱునుండి పండ్రెండు నెలలు పట్టెను. నాలుగవదానిపై మఱల ఒకటి రెండు నెలలకు దిగెను. 2013లో వచ్చిన ఆ యంత్రము 11 కోట్లకు పైగా అమ్ముడుపోయెను.

నింటెండో కథయు నట్టిదే. 2012లో వచ్చిన వీ యూ అను దాని కన్సోలునకు తోడుగా నుందుమని పెద్ద సంస్థలు వేదికలపై మాట యిచ్చిరి. కొనువారు రాలేదు. ఆ యంత్రమునకు తమయొద్ద ఏ యాటయు తయారగుట లేదని 2013 మే నెలలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారు తెలిపిరి. వీ యూ సుమారు 1 కోటి 35 లక్షల వద్ద ఆగెను. 2017లో వచ్చిన స్విచ్ యంత్రమును నింటెండో, నిర్మాతలు నిత్యము వాడు పనిముట్లతోనే వ్రాయదగునట్లు చేసెను. చిన్న సంస్థలును దానికి వ్రాసిరి. దాని అమ్మకములు 15 కోట్లు దాటినవి.

ఈ తగవు ముగిసినదని యనుకొనరాదు. మైక్రోసాఫ్టు 2020లో ఒకేసారి రెండు యంత్రములను, ఒకటి బలమైనది, ఒకటి చౌకైన సిరీస్ ఎస్, తెచ్చి, ఆటలోని సౌకర్యములు రెంటను ఒకటిగా నుండవలెనను నియమము పెట్టెను. లారియన్ సంస్థ వారి బాల్డర్స్ గేట్ 3 అను ఆటలో ఇరువురు ఒకే తెరను పంచుకొని యాడు ఏర్పాటు కలదు. తక్కువ మెమరీ గల చిన్న యంత్రమున అది నడువలేదు. ఆ కారణమున 2023 సెప్టెంబరున ప్లేస్టేషను 5కు వచ్చిన ఆ యాట, ఎక్స్‌బాక్సునకు డిసెంబరువఱకు రాలేదు. తుదకు మైక్రోసాఫ్టే ఆ నియమమును దానికొఱకు సడలించెను.

మహాశయులారా! ఈ చరిత్ర యంతటిలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది ఒకటి కలదు. యజమానులు తమ యంత్రములను, షరతులను ఎన్నడు సవరించుకొనిరి? వినతిపత్రములు వచ్చినపుడు కాదు. నలుగురు ఉద్యోగులు వెలికి నడచినపుడు అటారీ కాలమున ఈ వర్తకపు రూపమే మాఱెను. స్క్వేర్ విడిచిపోయిన తరువాత నింటెండో కార్ట్రిడ్జిని వదలెను. నిర్మాతలు వెనుదీసిన తరువాత సోనీ సెల్‌ను వదలెను. మూలధనము లేని పనివానికి "నేను చేయను" అను మాటయే తుది యాయుధము. దానిని అతడు ఊరక ప్రయోగింపలేదు, ఊరక ప్రయోగించి బ్రదుకనులేడు. అతడు రాకున్నపుడు సోమరియనియో, నేర్పులేనివాడనియో అనుటకు ముందు, అతని తూకమును చూడవలయును.

నష్టపోవువాడు మఱియొకడు కలడు; అతడు కొనువాడు. ఆటలు రాని యంత్రమును వేలు పోసి కొన్నవానికి మిగులునది మూగపెట్టెయే. మీ మనుమడు ఇట్టి యంత్రమును కోరినచో, అది ఎంత బలమైనదని యడుగకుడు. దానికి ఎవరెవరు వ్రాయుచున్నారని యడుగుడు. అదే మనుమడు పెరిగి ఆటలు వ్రాయు పనిలో చేరినచో, ఎవరికై వ్రాయుచున్నావు, పెట్టుబడి యెవరిది, మునిగినచో ఎవరు మునుగుదురు అని యడుగుడు. ఈ ప్రశ్నలు మనము కౌలుపత్రము వ్రాసికొనునపుడు అడుగునవే.